మంచుగడ్డపై పడి విరిగిన చేయి మరల అతుకుకొను విధము

చలిదేశములందు శీతకాలము ముదిరినంతనే చెరువులు, కాలువలు, నదులు పైపొర గడ్డకట్టి నేలవలె గట్టిపడును. అచ్చటి బాలురు, బాలికలు, వృద్ధులు సైతము అడుగున ఉక్కుపలక బిగించిన జోళ్లు తొడుగుకొని ఆ గడ్డపై జారుచు విహరింతురు. దీనిని స్కేటింగు అందురు. మన ప్రాంతములలో గడ్డకట్టిన నీటిని చూడవలెనన్నచో ఐసుపెట్టెలోనికి తొంగిచూడవలసినదే గదా, ఈ విషయముతో మనకేమి పని యని కొందరు తలిదండ్రులు అనుకొనవచ్చును. పని యున్నది. మంచుగడ్డపై జారినవాడు ఏ విధముగా పడునో, నాచుపట్టిన బావిమెట్లపై జారినవాడును, వానకు తడిసిన పొలముగట్టున సైకిలుతో కూడ ఒరిగిపోయినవాడును ఆ విధముగనే పడుదురు. విరుగు ఎముకయు సామాన్యముగా ఒక్కటే. అది అతుకుకొను పద్ధతియు ఒక్కటే. ఎముక విరిగిన తరువాత మొదటి రెండు మూడు దినములలో పెద్దలు చేయు పనిని బట్టియే ఒక్కొక్కప్పుడు ఆ బిడ్డ చేయి జీవితాంతము పనికివచ్చునో రాదో తేలిపోవును. కావున కొంత విపులముగ వ్రాయుచున్నాను.

స్కేటింగు మిక్కిలి ప్రాచీనమైన విద్య. ఉత్తర యూరపు ప్రజలు తొలుత పశువుల కాలియెముకలను చదునుచేసి పాదములకు కట్టుకొని, చేతికఱ్ఱతో నెట్టుకొనుచు గడ్డకట్టిన నీటిని దాటెడివారు. ఎముకనెక్కి పోయి ఎముక విరుగగొట్టుకొనుట యన్నమాట! తరువాత హాలెండు దేశీయులు ఇనుపపలకలను వాడుకలోనికి తెచ్చిరి. ఆ దేశమున కాలువలు మన పల్లెలలోని బండిబాటల వంటివి. గట్టి చలి వచ్చిన యేడు అవియే రహదారులు. అందలి ఫ్రీస్‌లాండు ప్రాంతమున పదునొకండు పట్టణములను చుట్టివచ్చు సుమారు 200 కిలోమీటర్ల స్కేటింగు పందెము 1909లో ప్రారంభమైనది. దారి పొడవునను గడ్డ 15 సెంటీమీటర్ల మందమున్నగాని దానిని జరుపరు. 1997లో కడపటిసారి జరిగినది. ఆ పిదప అంతటి చలి నిలువలేదు.

పడుటయు అంత ప్రాచీనమైనదే. ఆ దేశముననే స్కీడాము పట్టణవాసినియగు లిడ్వినా యను బాలిక 1395 ప్రాంతమున, తన పదునైదవ యేట, మంచుపై పడి ప్రక్కటెముక విరుగగొట్టుకొని, 1433లో మరణించువరకును రోగముతో తీసికొనెనని ఆమె చరిత్రకారులు వ్రాసిరి. 1498లో ముద్రితమైన ఆమె చరిత్రలోని చెక్కబొమ్మ స్కేటింగును చూపు చిత్రములలో మిక్కిలి పాతవానిలో ఒకటి. ఆమె క్రిందపడియున్నది, స్నేహితురాండ్రు లేవనెత్తుచున్నారు. నేటికిని క్రైస్తవులు ఆమెను స్కేటింగు చేయువారికి రక్షకురాలిగ తలతురు. మన దేశమున సిమ్లా నగరమునందు 1920లో స్కేటింగు స్థలము నెలకొల్పబడినది. చలిరాత్రుల యందు నేలపై నీరు చల్లి, తెల్లవారుసరికి గడ్డకట్టించి, ఎండ యెక్కకమునుపే జారుట అచ్చటి సంప్రదాయము.

మంచు ఏల జారును? గడ్డయొక్క పైభాగమున నీటివంటి మిక్కిలి పలుచని పొర యుండుటయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉక్కుపలక యొక్క ఒరపిడి వేడికి ఆ పొర మరికొంత పెరుగును. కారణ మేదైనను, పాదము నిలువక పోయినపుడు మనుష్యుడు ఆలోచించుటకు వ్యవధి లేదు. తల నేలకు తగులకుండుటకై చేయి తనంతట తానే ముందునకు చాపబడును. అరచేయి గడ్డను తాకును, మోచేయి బిగిసియుండును, శరీరభారమంతయు మణికట్టుపై పడును. తలను కాపాడుటకు చేయి తన్ను తాను బలియిచ్చుకొనుచున్నదని యనవచ్చును.

మోచేతికి క్రింద రెండు ఎముకలు గలవని మీరు పాఠములలో చదివియుందురు. బొటనవ్రేలి వైపుననున్నది రత్ని, చిటికెనవ్రేలి వైపుననున్నది అరత్ని. అరచేయి తాకి పడినపుడు తరచుగ విరుగునది రత్ని. అదియు మణికట్టునకు ఒకటి రెండంగుళముల పైన. డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లో ఈ విరుపును స్పష్టముగ వర్ణించెను. విరిగిన కొన వెనుకకు వంగుటచే చేయి ప్రక్కనుండి చూచినపుడు దొరలు భోజనమునకు వాడు ముళ్లచెంచా వంపును బోలియుండును. కోలిస్ కాలమున ఎక్స్-రే లేదు. కేవలము వ్రేళ్లతో తడవి, కంటితో చూచి ఆయన దీనిని కనుగొనెనని తలంచినపుడు ఆ వైద్యుని చేతినేర్పునకు ఆశ్చర్యము కలుగకమానదు.

బాలుర యెముకల రీతి వేరు. ఎండుపుల్లను వంచినచో ఫటాలున రెండు ముక్కలగును; పచ్చి వేపపుల్లను వంచినచో ఒక ప్రక్క చీలి, రెండవ ప్రక్క వంగి, పూర్తిగ తెగక నిలుచును. పిల్లల యెముకలు పచ్చిపుల్లల వంటివి. వానిలో కొన్ని చీలును, కొన్ని నొక్కుకొనిపోయి ఉబ్బును. పైకి వంకర కానరాదు, వాపు స్వల్పము. ‘బెణికినది, రేపటికి తగ్గును’ అని పెద్దలు ఊరకుండుటకు ఇదియే కారణము. ఇదిగాక పిల్లల యెముకల చివరల మృదువైన పెరుగుదల పొర యొకటి యుండును. రత్ని పొడవు పెరుగుదలలో అధికభాగము మణికట్టు దగ్గరి పొర నుండియే వచ్చును. ఆ పొర చెడినచో చేయి పొట్టిగనో వంకరగనో పెరుగవచ్చును. కావున పడినపిదప మణికట్టు ఎముకపై నొక్కినపుడు ఒకేచోట తీవ్రమైన నొప్పి యున్నచో, లేక బిడ్డ ఆ చేతితో పలక బలపమైనను పట్టకున్నచో, ఎక్స్-రే తీయించి తీరవలెను.

ఎక్స్-రే మాట వచ్చినది గనుక, స్కేటింగునకును దానికిని గల యొక సంబంధమును చెప్పెదను. జర్మనీ దేశమున వ్యూర్ట్స్‌బుర్గు నగరమున రంట్‌జెను పండితుడు 1895 నవంబరు 8వ తేదీన ఆ కిరణములను కనుగొని, ఆ సంవత్సరము డిసెంబరు చివర ప్రకటించెను. వార్త సముద్రములు దాటినది. అమెరికాలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున డార్ట్‌మత్ కళాశాల యున్నది. అచ్చటికి దాపున ప్రవహించు కనెక్టికటు నదిపై స్కేటింగు చేయుచు ఎడ్డీ మెకార్తీ యను పదునాలుగేండ్ల బాలుడు పడి ఎడమ మణికట్టు విరుగగొట్టుకొనెను. అతనికి చికిత్స చేయుచున్న డాక్టరు గిల్మన్ ఫ్రాస్టు. ఆయన సోదరుడు ఎడ్విన్ ఫ్రాస్టు అదే కళాశాలలో ఖగోళశాస్త్రపు ఆచార్యుడు. 1896 ఫిబ్రవరి 3వ తేదీన బాలుని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు కొనిపోయి, చేతిక్రింద ఫోటో పలకనుంచి, పైన గాజుగొట్టమును వెలిగించి, ఇరువది నిమిషములు కదలక కూర్చుండబెట్టిరి. పలకను కడిగి చూడగా అరత్నియందలి విరుపు తేటతెల్లముగ కనబడెను. రంట్‌జెను ప్రకటన వెలువడి నలువది దినములైనను తిరుగలేదు! అమెరికాలో వైద్యమునకై తీసిన మొదటి ఎక్స్-రే ఇదియేనని చెప్పుదురు. ఆ దృశ్యమునకు తీసిన ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. ఇరువది నిమిషములు పట్టిన ఆ పని నేడు రెప్పపాటులోపల ముగియును. సోకు కిరణముల మోతాదును అప్పటితో పోల్చిన మిక్కిలి స్వల్పము. ‘పిల్లవానికి కిరణములు తగులును’ అని భయపడి మానుకొనుట తగదు.

ఒక చిన్న హెచ్చరిక. బొటనవ్రేలి మొదట, వ్రేలిని వెనుకకు సాచినపుడు రెండు నరముల నడుమ ఏర్పడు చిన్న గుంటలో నొప్పి యున్నచో, అచ్చటి స్కాఫాయిడ్ అను చిన్న యెముక విరిగియుండవచ్చును. అది మొదటి ఎక్స్-రేలో కానరాకపోవుట కలదు. దానికి రక్తము వ్రేళ్లవైపు కొననుండి వెనుకకు ప్రవహించును గనుక, నడుమ విరిగినచో వెనుకభాగము ఎండిపోవు ప్రమాదమున్నది. డాక్టరు ‘పది పదునైదు దినములైన పిదప మరల రండు’ అన్నచో, నొప్పి తగ్గినను మరల వెళ్లవలెను.

ఇక పడినచోట చేయవలసిన పని. చేతిని లాగరాదు, విదిలింపరాదు, నూనెపెట్టి తోమరాదు. మనలో ఎవడైన పడగానే చుట్టుచేరినవారిలో నలుగురు నాలుగు విధముల చేయి సాగదీయుదురు. ఐదవవాడు సోడా తెచ్చును. రెండును వలదు. విరిగినకొనలు నరములను, రక్తనాళములను కోయవచ్చును. ఎముక కుదుర్చుటకు మత్తు ఈయవలసి రావచ్చును గనుక డాక్టరు చూచువరకు కడుపు ఖాళీగ నుండుట మేలు. మొదట గాజులు, ఉంగరము, గడియారము, మణికట్టునకు కట్టిన త్రాళ్లు తీసివేయవలెను. గంట గడచిన పిదప వాపు వచ్చి అవి రావు, కోయవలసి వచ్చును. పిమ్మట మడచిన వార్తాపత్రికనో, అట్టనో మోచేతినుండి అరచేతివరకు చేతిక్రిందనుంచి, వదులుగ గుడ్డతో కట్టి, తువ్వాలును మెడకు ఊయలవలె తగిలించి అందు చేతిని పెట్టవలెను. గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు వాపును తగ్గించును. చర్మము చీలి రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డ కప్పి, ఒక్క నిమిషమైనను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. అట్టి గాయమున పసరులు పూయుట ఎముకలోనికి చీమును పిలుచుటయే.

ఆసుపత్రిలో విరిగిన కొనలను సరిచూచి కుదుర్చుదురు. తరువాత అవి కదలకుండ కట్టు వేయుదురు. నేడు మనము చూచు తెల్లని పిండికట్టును వాడుకలోనికి తెచ్చినవాడు హాలెండు సైన్యమున వైద్యుడైన ఆంటోనియస్ మాథిజ్సెన్, సంవత్సరము 1851. కాలువలపై స్కేటింగునకు పేరొందిన దేశమే లోకమునకు ఈ కట్టును ఇచ్చినది! ఆయన నూలుగుడ్డ పట్టీలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని పట్టించి, తడిపి, చుట్టెడివాడు. కొలది నిమిషములలో అది రాయివలె గట్టిపడెడిది. కొలదికాలమునకే క్రిమియా యుద్ధమున రష్యా వైద్యుడు పిరోగోవు ఇట్టి కట్టులనే క్షతగాత్రులకు వేసెను. ఈ పొడి జిప్సమను ఖనిజమునుండి వచ్చును. జిప్సమును కాల్చినచో దానియందలి నీటిలో మూడువంతులు ఆవిరియై పోవును. పొడికి మరల నీరు తగిలినపుడు పోయిన నీటిని గ్రహించి మరల జిప్సమై స్ఫటికములు ఒకదానితో నొకటి పెనవేసికొనును. ఆ మార్పులో వేడి పుట్టును. కట్టు వేయగానే చేయి వెచ్చబడుట ఇందువలననే. భయపడ నవసరము లేదు. పూర్తిగ ఆరుటకు ఒకటి రెండు దినములు పట్టును. ఇప్పుడు గాజునారతో చేసిన తేలికైన కట్టులును వచ్చినవి. ఎముక ముక్కలైనపుడు, లేక కుదిర్చినను నిలువనపుడు, శస్త్రచికిత్స చేసి ఉక్కుతీగలు, పలకలు అమర్చుదురు.

కట్టు ఎముకను అతుకదు, డాక్టరును అతుకడు. అతుకుకొనునది ఎముకయే. గాయపడిన చర్మము మచ్చతో మానును. కాని ఎముక మచ్చ మిగులకుండ తిరిగి ఎముకగనే పుట్టును. ఇంతటి శక్తి శరీరమున చాల కొలది అవయవములకే కలదు. ఎముక విరిగిన క్షణమున లోపలి రక్తనాళములు తెగి, కొనల నడుమ రక్తము చేరి గడ్డకట్టును. వాపు, వేడి, నొప్పి మొదలగును. వీనిని మనము బాధ లనుకొందుము గాని అవి పని మొదలైనదని చాటు గుర్తులు. తెల్లకణములు వచ్చి చచ్చిన ముక్కలను ఊడ్చివేయును. పాడుబడిన గోడను తిరిగి కట్టు తాపీమేస్త్రి ముందు శిథిలములను ఎత్తి పోయించును గదా, అట్లే. మొదటి వారమంతయు ఈ పనియే.

రెండవ మూడవ వారములలో కొనలచుట్టు నారయు మృదులాస్థియు కలసిన మెత్తని బొడిపె యేర్పడును. ఇది మేస్త్రి నిలిపిన పరంజా వంటిది. కొనలను ఒకచోట నిలుపును గాని బరువు మోయజాలదు. ఈ సమయముననే నొప్పి చాలవరకు తగ్గును. పిల్లవాడు చేయి బాగైనదని గంతులు వేయును, తల్లి కట్టు విప్పింతునా యని యోచించును. మిక్కిలి మోసకరమైన దశ యిది. తరువాత ఆ బొడిపెలో సున్నపుధాతువు చేరి, మూడు నాలుగు వారములనుండి గట్టి యెముక పుట్టుచు వచ్చును. పిల్లలకు మణికట్టు విరుపు సాధారణముగ మూడునుండి ఆరు వారములలోను, పెద్దలకు ఆరు వారములు లేక అంతకు పైబడియు కట్టు విప్పదగినంత గట్టిపడును. అప్పటికిని ఎముక మొరటుగ, లావుగ ఉండును.

చివరిది చెక్కుడు పని. ఎముకను తినువి, ఎముకను కట్టునవి యని రెండు విధముల కణములు కలవు. మొదటివి అనవసరమైన చోట తొలచును, రెండవవి భారము పడుచోట పేర్చును. భారమును బట్టి యెముక తన రూపును మార్చుకొనునను సూత్రమును జర్మనీ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో గ్రంథస్థము చేసెను. ఈ చెక్కుడు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు సాగును. చిన్నపిల్లలలో మణికట్టు దగ్గరి కొలదిపాటి వంకర ఎదుగుదలతో తానే చక్కబడును. డాక్టరు ఎక్స్-రేలోని స్వల్పమైన వంపును చూచి ‘ఇది చాలును’ అన్నపుడు తలిదండ్రులు అనుమానింపరాదు. అయితే మెలితిరిగి అతికిన యెముక అట్లు సరిపడదు. అందుకే మొదటి వారములలో తిరిగి ఎక్స్-రే తీసి కొనలు జారలేదని చూచుకొందురు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. మనలో అనేకులు ఎముక విరిగినంతనే కట్టు కట్టువారివద్దకు పోవుదురు. తమిళనాటి పట్టణములలో ‘పుత్తూరు కట్టు’ అను బోర్డులు మీరు చూచియే యుందురు. తిరుపతికి దక్షిణముననున్న మన పుత్తూరు ప్రాంతమున ఒక కుటుంబమువారు తరతరములుగ చేయుచున్న వైద్యముచేత ఆ యూరిపేరే కట్టునకు పేరైనది. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డచుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగింతురు. ఎముక చాలవరకు తనంతట తానే అతుకుకొనునది గనుక, కొనలు జారని విరుపులు ఇట్టి కట్టులలో చక్కబడుట వింతకాదు. తరతరముల చేతిస్పర్శవలన వచ్చిన నేర్పును నేను తక్కువ చేయను. కాని బోర్డుపై ఆ పేరు వ్రాసికొన్న ప్రతివానికిని ఆ నేర్పు కలదని నమ్ముట యెట్లు? ఎక్స్-రే లేనిదే పెరుగుదల పొర చెడినదో లేదో ఏ చేతిస్పర్శకును తెలియదు. చర్మము చీలిన విరుపును, వ్రేళ్లు చల్లబడిన చేతిని అట్టివారివద్దకు కొనిపోనేరాదు.

అన్నిటికంటె పెద్ద భయము బిగువు. మొదటి రెండు మూడు దినములు చేయి వాచుచునే యుండును. కట్టు సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి కండరములకు రక్తము అందదు. రక్తములేని కండరము ఆరుగంటల ప్రాంతమున తిరిగి కోలుకొనలేని స్థితికి చేరును. తరువాత అది ముడుచుకొనిపోయి, వ్రేళ్లు గ్రద్దగోళ్లవలె లోనికి వంగి, మరల సాగవు. జర్మనీ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే ఇది బిగువు కట్టులవలన కలుగు ఆపదయని వ్రాసెను. ఎముక చక్కగ అతికియు చేయి పోవుట కంటె దురదృష్టమేమున్నది? మన సుశ్రుతుడును ఈ సంగతి నెరిగినవాడే. ఎముక విరుపులలో పండ్రెండు, కీలుతొలగుటలలో ఆరు భేదములను చెప్పి, మేడి, రావి, మోదుగ, మద్ది, మఱ్ఱి పట్టలను, వెదురును బద్దలుగ వాడుమని చెప్పి, కట్టు వదులైనచో ఎముక నిలువదనియు, బిగువైనచో వాపు, నొప్పి, చీము కలుగుననియు, నడిమి విధముగ కట్టవలెననియు విధించెను. చలికాలమున ఏడుదినములకు, సమకాలమున ఐదుదినములకు, ఎండకాలమున మూడుదినములకు కట్టు మార్చుమన్నాడు. ప్రాచీనవైద్యమును గౌరవించుచున్నామని చెప్పుకొని నెలదినములు కట్టు విప్పనివారు ఆయన మాటను పాటించుట లేదు.

కట్టు ఎవరు వేసినదైనను, పిండికట్టైనను, వెదురుకట్టైనను, ఈ గుర్తులను ఇంటివారందరు తెలిసికొనవలెను. నొప్పి గంటగంటకు తగ్గుటకు మారు పెరుగుట, మందు వేసినను తగ్గకుండుట, వ్రేళ్లను మరియొకరు మెల్లగ సాచినపుడు బిడ్డ కెవ్వున నరచుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట, తెల్లబడుట, నీలమగుట, చల్లబడుట, కదల్పలేకుండుట. గోటిని నొక్కి వదలినచో తెల్లబడిన చోటు రెండు సెకనులలో ఎఱ్ఱబడవలెను. వీనిలో ఏది కానవచ్చినను అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను, తెల్లవారనిమ్మని ఆగరాదు. ఆసుపత్రి మిక్కిలి దూరమైనచో డాక్టరుతో ఫోనులో మాటలాడి, ఆయన చెప్పినచో కట్టును ఆ పొడవున చీల్చి వదులు చేయవచ్చును. ఆ నొప్పిని ‘గారాబము’ అని కసరుట కూడదు.

పరభాషా ప్రాంతములందున్న మనకు మరియొక చిక్కు కలదు. ఇంటిలో తల్లి ‘వ్రేళ్లు తిమ్మిరెక్కినవి’ అని చెప్పును. ఆసుపత్రిలోని నర్సునకు ఆ మాట తెలియక ‘నొప్పి’ యని వ్రాసికొనును. రెంటికిని భేదము చాల. తమిళమున ‘మరత్తుప్పోతల్’ అనియు, కన్నడమున ‘జోము’ అనియు, మరాఠీలో ‘ముంగ్యా’ అనియు దీనిని చెప్పుదురు. ఒడియా ప్రాంతపు విద్యార్థులు తమ ఒడియా ఉపాధ్యాయుని అడిగి ఆ మాటను నేర్చుకొందురుగాక. బడిలో రాష్ట్రభాష చదువు పిల్లలు పెద్దలకు దుబాసీలుగ వెంటపోవుట ఇట్టి సమయమున నిజమైన సహాయము.

కట్టుతో నున్న దినములలో చేతిని గుండె యెత్తునకు మించి, దిండుపై ఉంచవలెను. క్రిందికి వ్రేలాడదీసినచో వాచును. వ్రేళ్లను, మోచేతిని, భుజమును మాత్రము మొదటి దినమునుండియే, డాక్టరు వలదన్నవి తప్ప, మాటిమాటికి కదల్చుచుండవలెను. కట్టులోపల దురదపెట్టును. అల్లిక సూది, స్కేలు, చీపురుపుల్ల దూర్చి గోకుట విద్యార్థులకు మహాప్రీతి. లోపల చర్మము గీరుకొని చీముపట్టినచో తెలియను గూడ తెలియదు. స్నానము చేయునపుడు కట్టునకు ప్లాస్టిక్ సంచి తొడుగవలెను.

ఆహార విషయమున మన పెద్దలు పెట్టు పథ్యములలో కొన్ని బిడ్డను శుష్కింపజేయును. ఎముక కట్టుటకు సున్నపుధాతువును, మాంసకృత్తులును, ‘డి’ విటమినును కావలెను. కోస్తావారు చోళ్లనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుచు రాగులలో నూరుగ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. వరిబియ్యమున అందు ముప్పదవవంతైనను ఉండదు. కర్ణాటకమున పెరిగిన మన పిల్లలకు రాగిముద్ద క్రొత్తగ చెప్పవలసినది కాదు. పాలు, పెరుగు, పప్పు, గ్రుడ్డు, ముల్లుతో తినదగిన చిన్నచేపలు మంచివి. శరీరమునకు ఎండ తగులనీయవలెను. నల్లేరు పచ్చడి ఎముకలకు మంచిదని వాడుక. దానిపై పరిశోధనలును జరిగినవి. రుచికి తినుడు, కట్టునకు మారుగ దానిని నమ్మవలదు. ఇంటిలో పొగత్రాగు పెద్దలకు ఎముక విరిగినచో ఆ యలవాటు అతుకును ఆలస్యము చేయునని మాత్రము నిశ్చయముగ తెలిసినది.

కట్టు విప్పిన దినమున పిల్లలు తమ చేతిని చూచి భయపడుదురు. కండలు కరగి సన్నబడి, చర్మము పొలుసులు కట్టి, రోమములు నల్లగ పెరిగి, అది తమది కానట్లుండును. మణికట్టు కదలదు. ఇది సహజము. గోరువెచ్చని నీటిలో చేతిని పది నిమిషములుంచి మెల్లమెల్లగ పైకి, క్రిందికి, ప్రక్కలకు వంచవలెను. అరచేతిని పైకి త్రిప్పుట అన్నిటికంటె ఆలస్యముగ వచ్చును. దేవాలయమున తీర్థము పుచ్చుకొనునట్లు త్రిప్పి నిలుపుట నేర్చుకొనవలెను. మెత్తని గుడ్డబంతిని పిసుకుట, బొత్తాములు పెట్టుకొనుట, జడ అల్లుకొనుట, అన్నము కలిపి ముద్దచేయుట, ఇవన్నియు వ్యాయామములే. తల్లి జాలిపడి తినిపించుచున్నంతకాలము ఆ వ్రేళ్లకు బిగువు విడువదు. ఇతరులు బలవంతముగ మణికట్టును విరచినట్లు వంచుట, నూనెరాచి గట్టిగ తోముట కూడదు. బిందె యెత్తుట, బరువు సంచి మోయుట డాక్టరు అనుమతించిన పిదపనే. పిల్లలకు కొలది వారములలోనే పూర్వస్థితి వచ్చును. పెద్దలకు పట్టు పూర్తిగ వచ్చుటకు ఆరునెలలు, సంవత్సరము పట్టుటయు కలదు.

కుడిచేయి విరిగిన విద్యార్థికి బడి మానిపింపనక్కరలేదు. మొదటి కొలది దినములు గడచిన పిదప వచ్చి కూర్చుండి విని పోవచ్చును. ప్రక్కబల్ల స్నేహితుడు పాఠము వ్రాసిపెట్టవచ్చును. ఎడమచేతితో వ్రాయుట అభ్యసించినచో రెండు మూడు వారములలో చదువదగిన అక్షరములు వచ్చును. పబ్లికు పరీక్ష దగ్గరబడినచో తలిదండ్రులు వెంటనే ప్రధానోపాధ్యాయుని కలిసి, డాక్టరు సర్టిఫికెట్టుతో వ్రాయసగానికై దరఖాస్తు పెట్టవలెను. పరీక్షకు ముందుదినము పరుగెత్తినచో పని జరుగదు. వ్రాయసగాడు తెలుగు వ్రాయనేర్చినవాడై యుండవలెను గదా; మన ప్రాంతములలో అట్టివానిని వెదకుటకే వారము పట్టును.

తిరిగి ఆటలకు పోవుట గట్టి యెముక యేర్పడినదని ఎక్స్-రేలో చూచి, మణికట్టు రెండవచేతివలె కదలుచు, నొప్పిలేక పట్టు వచ్చిన తరువాతనే. కట్టు విప్పిన పిదప ఇంకను కొన్ని వారములు దెబ్బ తగులు ఆటలు ఆడరాదు. అదే చోట మరల విరుగుట ఈ కాలముననే. మంచుపై స్కేటింగు నేర్పువారు మొదట నేర్పునది పడుటయే. తూలినపుడు మోకాళ్లు వంచి క్రుంగి, వెనుకకు గాక ప్రక్కకు ఒరిగి, తొడపైనను పిరుదుపైనను పడవలెను. చేతులు చాపక దగ్గరకు తీసికొనవలెను. పిడికిలి ముడువవలెను, వెనుక వచ్చువాని ఉక్కుపలక వ్రేళ్లపై పోకుండుటకు. చక్రముల స్కేటింగు మన పట్టణములలో ఇప్పుడు చాలమంది పిల్లలు నేర్చుకొనుచున్నారు. దానికి మణికట్టు తొడుగులు అంగళ్లలో దొరకును. అరచేతివైపు గట్టిపలక గల ఆ తొడుగులు విరుపులను బాగుగ తగ్గించినట్లు పరిశోధనలలో తేలినది. చక్రముల జోళ్లు కొనునాడే వానిని గూడ కొనవలెను.